జరం తలకెక్కేదాకా ఆగడమెలా?

వానలు వెనకబట్టి, బొగ్గు గనుల్లోంచి తవ్విపోసిన ఓబీ మట్టిగుట్టల మీద గడ్డి మోకాళ్లెత్తు పెరిగిన రోజులే ఈ జరానికి అదను. గోదావరిఖని చుట్టుపక్కల మేకలు తోలుకుపోయేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు చెప్పులతోనే పొదల్లో తిరగాలి. అలసిపోతే గడ్డిలోనే నడుం వాల్చాలి, చెమట తువాల పొదమీదే ఆరేయాలి. కంటికి ఆనీ ఆనని మైట్ పిల్లపురుగు కుట్టినా తెలియదు. అది ఎక్కించే బ్యాక్టీరియా పేరు ఓరియెన్షియా సుట్సుగముషి. పది రోజులు అటూ ఇటుగా జరం మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని స్క్రబ్ టైఫస్ అంటారు, మీరు మాత్రం ఆ పేరు తలవకండి.

గని కంపెనీ దవాఖానకు పోతే సిక్కు రాస్తారు, మస్టర్లు తగ్గుతాయి. అందుకని గోలీ వేసుకుని సెకండ్ షిఫ్టుకు దిగండి. మూడోనాడు గల్లీ ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోండి. టైఫాయిడ్ లేనివాళ్లకూ ఒక్కోసారి పాజిటివ్ చూపే వైడల్ పరీక్ష ఉండనే ఉంది, దాన్ని పట్టుకుని టైఫాయిడే అని ఖాయం చేసుకోండి. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకుని బొప్పాయాకు రసం తాగండి. స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయన్న మాట ఇంట్లో ఎవరి చెవినా వేయకండి. స్క్రబ్ టైఫస్ తేల్చే ఐజీఎం ఎలైసా పరీక్ష చేయించక తప్పకపోతే మొదటి వారంలోనే చేయించండి. అప్పటికి యాంటీబాడీలు చాలామందిలో తేలవు. ఆ నెగటివ్ రిపోర్టును భద్రంగా దాచుకుని, ఇక ఆ ఊసే ఎత్తకండి.

అన్నిటికన్నా ముఖ్యం, చొక్కా విప్పకండి. పురుగు కుట్టినచోట బీడీ చురకలా నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు ఉండొచ్చు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద, రొమ్ముల కింద, చెవి వెనకాల, అంటే మనం చూపించడానికి సిగ్గుపడే చోట్లనో అద్దంలో కనపడని చోట్లనో ఉంటుంది. నొప్పి ఉండదు కనక రోగి కూడా చెప్పడు. ఒకవేళ ఒళ్లంతా వెతికినా పెచ్చు దొరకలేదా, జబ్బే లేదని తీర్పు చెప్పేయండి. అందరికీ ఆ పెచ్చు ఉండదని పుస్తకాల్లో ఉంటే ఉండనివ్వండి.

రెండో వారానికి తల పగిలిపోతుంది, మెడ బిగుస్తుంది, మాట తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. చెవులు వినపడకపోతే బ్లాస్టింగ్ మోత మీదకు తోసేయండి. కలవరిస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించండి. వెన్నునీరు తీస్తామంటే నడుం పడిపోతుందని సంతకం పెట్టకుండా అడ్డం తిరగండి. పెద్దల ఒత్తిడికి తీయించినా మీకు ఒక ఆశ ఉంది. ఆ నీటిలో లింఫోసైట్లు, ప్రొటీన్ పెరిగి కనిపిస్తాయి, టీబీ మెనింజైటిస్‌లోనూ అంతే. పొదల్లో తిరిగిన సంగతి మీరు దాచారంటే నెలల తరబడి టీబీ మందులు మింగే యోగం పట్టొచ్చు.

ఈలోగా న్యూజెర్సీ నుంచి అల్లుడు ఫోన్ చేస్తాడు, లైమ్ డిసీజ్ అయి ఉంటుందని. ఆయన ఉండేచోట అది నిజంగానే ఉంది. గోమారి జాతి పురుగు కుట్టి, నరాలకెక్కి, మూతి వంకర పోయేదాకా వస్తుంది. అక్కడ దానికి సెఫ్ట్రియాక్సోన్ సూదులు పనిచేస్తాయి. ఇక్కడా అవే పొడిపించుకోండి. ఓరియెన్షియాకు వాటివల్ల చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఒక్క డాక్సీసైక్లిన్ అనే మందుతోనే జాగ్రత్త. అనుమానం వస్తే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టేస్తారు. వేళకు పడితే చాలామందికి రెండు రోజుల్లోనే జరం దిగిపోతుంది. కాబట్టి ఈ సలహాలు పాటించదలచినవాళ్లు, డాక్టరు ‘ఈమధ్య పొదల్లోకేమైనా పోయారా’ అని అడిగేలోపే కుర్చీలోంచి లేచి వచ్చేయాలి.