జోర్డానుకి సబ్సిడీ, ఓగేరుకి జరిమానా

చిలకలూరిపేట ఎన్నార్టీ సెంటర్లో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకి ఈమధ్య గట్టి పోటీ వచ్చింది. తెల్ల అంగీ తొడుక్కుని, నడుంలోతు నీళ్లలో చేతులు జోడించి నిలబడ్డ పాస్టరుగారు. కింద ఎర్రక్షరాల్లో ‘యెరూషలేము యాత్ర దిగ్విజయముగా ముగించుకొని విచ్చేయుచున్న దైవజనులకు సుస్వాగతం’. దిగ్విజయమే మరి. మొదటి క్రూసేడు వీరులు మూడేళ్లు పడుతూ లేస్తూ పోయి పట్టుకున్న ఊరిని మనవాళ్లు పది రోజుల ప్యాకేజీలో, ఆవకాయ సీసాతో సహా జయించి వచ్చారు. నైజీరియాలో ఈ యాత్ర చేసినవాళ్లు పేరు చివర ‘జేపీ’ అని తగిలించుకుంటారు, జెరూసలేం పిల్‌గ్రిమ్ అని. ఆ కబురు పేటకి ఇంకా చేరినట్టు లేదు. చేరిన మర్నాడే విజిటింగ్ కార్డులు మారిపోతాయి.

నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ స్వయంగా యెరూషలేము చూసొచ్చి, పరలోకానికి ఆ ఊరి మీదుగానే పోనక్కర్లేదని ఉత్తరం రాశాడు. యాత్రలు మాన్పించమని 1520లో లూథరు మొత్తుకున్నాడు. ఆ లూథరు పేరు చెప్పి 1842లో హేయర్ దొర గుంటూరులో దిగాడు. ఆయన నాటిన సంఘం బిడ్డలు ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు దిగుతున్నారు.

సర్కారు మాత్రం ఊరుకుంటుందా? 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో యాత్రకి సాయం మొదలైంది. 2019లో జగన్ సర్కారు దాన్ని పెంచింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమైతే రూ.60,000, అంతకు మించితే రూ.30,000. ఉన్నవాడి భక్తి కూడా ఊరికే పోకూడదు కదా! లక్ష దాటే ప్యాకేజీలో మిగతా సొమ్ము మిరపకాయలు కోసే కూలీకి ఎక్కడ పుడుతుందో జీవోలో రాయలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాడికి తెలుసు.

తీరా పోతే అక్కడ జోర్డాను నదిలో బాప్తిస్మాలకి యార్డెనిట్ రేవు. 1981లో వెలిసింది, నడిపేది ఒక యూదు కిబ్బుట్జ్, అంటే ఉమ్మడి సేద్యపు పల్లె. అంగీకి డబ్బులు, సీసాకి డబ్బులు. ఎగువ నీళ్లని ఇజ్రాయెలు, సిరియా, జోర్డాను పంచేసుకోగా మిగిలిందే నది. దిగువన, యేసు బాప్తిస్మం పొందాడని చెప్పే ఖస్ర్ అల్ యహూద్ దగ్గరికి వచ్చేసరికి బురదరంగు పాయ. సాగర్ కాలవ చివరి భూముల రైతుకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

మనవాళ్లు మునిగిన రేవే చూడాలనుకుంటే ఒంగోలు బస్సెక్కితే చాలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. ఇద్దరు బోధకులు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగారు. అంతకుముందు కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి కూలి ఇప్పించాడు; గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ రేవుకి ప్యాకేజీ లేదు, అంగీ లేదు, ఫ్లెక్సీ లేదు. పల్లెవెలుగులో పోయొచ్చినవాణ్ని దైవజనుడని ఎవడంటాడు?

అలా మునిగినవాళ్ల మునిమనవళ్లది ఇంకో తమాషా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కావాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి రానిచ్చారు. క్రైస్తవుడు గుమ్మం బయటే. వాడికి రాష్ట్రంలో బీసీ-సీ అని ఒక్క శాతం వసారా వేశారు. అందుకే మావైపు చాలా ఇళ్లల్లో పెద్దాయన చర్చిలో యోహాను, కాగితాల్లో వెంకటేశ్వర్లు. యాత్ర సాయానికేమో క్రైస్తవుడినని రుజువు పెట్టాలి.

“నాన్నా, ఆ ఫారం నింపమాక. క్రిస్టియన్ అని రాశావంటే నా డీఎస్సీ గోవిందా!”

“ప్రభువు తిరిగిన నేల ఒక్కసారి చూడొద్దంట్రా?”

“నాకు పోస్టింగ్ రానీ, చూద్దువుగాని. అందాకా మనం హిందువులం.”

జోర్డానులో మునిగొస్తానంటే అమరావతి అరవై వేలు చూపించింది. పేట పక్క ఓగేరు వాగులో మునిగావని తెలిస్తే ఢిల్లీ ఎస్సీ కాగితం లాక్కుంటుంది. బాపట్ల జిల్లాలో ఒక పాస్టరు తనను కులం పేరుతో తిట్టారని, కొట్టారని కేసు పెట్టాడు. క్రైస్తవుడివి గనక ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం నీకు పనికిరాదని 2025లో మన హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఊళ్లో తిట్టేవాడెవడూ సర్టిఫికెట్టు అడిగి తిట్టడు మరి.

అసెంబ్లీ ఊరుకుందని అనకండి. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని 2023 మార్చిలో తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. దానికి పోవడానికే టిక్కెట్టు తీశారు కాబోలు, రిటర్న్ టిక్కెట్టుకి ఏ సర్కారూ సబ్సిడీ ఇచ్చినట్టు లేదు.