నర్సు జేబులో సెల్లు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి సొమ్మసిల్లిన కవి వాక్కును లేపి కూర్చోబెట్టడం ఆయన పూనిక. ఆ లెక్కన వ్యాఖ్యానమూ ఒకరకం నర్సింగే. ఆస్పత్రి గోడ మీది వాక్యానికి టీక రాయడానికి మాకా మాత్రం చుట్టరికం చాలు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కూడా ఆయన మాట ఇచ్చాడు. మొదటి మాట మేమూ నిలుపుకుంటాం. రెండోది మా వల్ల కాదు.

మూలం

"విధి నిర్వహణలో ఉన్న నర్సింగ్ సిబ్బంది సెల్‌ఫోన్ వాడరాదు. అతిక్రమించినచో తగు చర్య తీసుకొనబడును. — యాజమాన్యం."

ఏ ఆస్పత్రిలోదని అడక్కండి. నర్సుల స్టేషన్ వెనక గోడకు, చేతులు కడుక్కునే బొమ్మల పటానికీ, ఏ చెత్త పసుపు డబ్బాలో ఏది ఎర్ర డబ్బాలో వెయ్యాలో చెప్పే పట్టికకూ నడుమ, నాలుగు మూలలా ప్లాస్టర్ ముక్కలతో అంటించి ఉంటుంది. ఆ ప్లాస్టర్ కాన్యులా కదలకుండా అంటించేదే. స్టోర్స్‌లో వేరే గమ్‌టేపు దొరకదు.

ప్రతిపదార్థం

విధి నిర్వహణలో ఉన్న = పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా, 2 నుంచి రాత్రి 8 దాకా, రాత్రి 8 నుంచి మర్నాడు 8 దాకా అనే మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో ఉన్నట్టి; రిలీవర్ రాకపోతే రెండింటిలోనూ ఉన్నట్టి.

నర్సింగ్ సిబ్బంది = "సిస్టర్!" అన్న కేక ఎవరికి తగిలితే వారు. కేంద్ర ప్రభుత్వం 2016లో స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. హోదా మారింది గానీ కేక మారలేదు. ఈ పదంలో డాక్టర్లు చేరరని గమనించాలి. రౌండ్స్‌లో చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అపార్ట్‌మెంటు లిఫ్టు గురించి మాట్లాడుతూనే పేషెంటు కడుపు నొక్కి చూసే పెద్ద డాక్టరుగారి మీద ఈ వాక్యం వాలదు. మంచం పక్కన స్పీకర్ పెట్టి సీరియల్ చూసే బంధువుల మీదా వాలదు. గోడ మీది శాసనం ఎప్పుడూ గోడకు దగ్గరగా నిలబడేవాళ్లకే తగులుతుంది.

సెల్‌ఫోన్ = 1995 జూలై 31న కలకత్తాలో ఉన్న ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో ప్రారంభించిన వస్తువు. ఆనాడది ఒట్టి ఫోను. నోటీసు రాసినవారి దృష్టిలో ఈనాటికీ అంతే. మధ్యలో అది టార్చి, గడియారం, లెక్కల యంత్రం, మందుల నిఘంటువు, కెమెరా, హాజరు పట్టీ అయిన సంగతి ఈ పదంలో ఎక్కడా పట్టలేదు.

వాడరాదు = ఇక్కడ వ్యాఖ్యాతలు చీలిపోయారు. జేబులో ఉండొచ్చు, చేతిలోకి రాకూడదని ఒకరు. లాకర్లో పెట్టి తాళం వేశాకే వార్డులో అడుగు పెట్టాలని మరొకరు. మోగరాదు గానీ వణకవచ్చునని సూపరింటెండెంట్ మేడం చెప్పిన మధ్యేమార్గం.

పాఠాంతరం

ఈ మూలానికి రెండు ప్రతులున్నాయి. ఒకటి గోడ ప్రతి. రెండోది నర్సింగ్ సిబ్బంది వాట్సాప్ గ్రూపులో దొరికిన ప్రతి. రెండోదాంట్లో "అందరూ చూసినట్టు తెలియజేయవలెను" అని ఒక వాక్యం ఎక్కువ. దాని కింద బొటనవేళ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ సమయానికి డ్యూటీలో ఉన్న సిస్టర్లు ఫోను తీసి వేలు ఎత్తితే నిషేధం మీరినట్టు, ఎత్తకపోతే మెమో. పరిష్కర్తలు ఈ వాక్యాన్ని ప్రక్షిప్తమని తోసిపారెయ్యబోయారు. కానీ పంపినది మూలకర్తే కావడంతో ఊరుకున్నారు.

పూర్వపక్షం

నిషేధం సబబే అనేవారి మాట తేలిగ్గా తీసేసేది కాదు. మందు ఇచ్చేటప్పుడు సరైన పేషెంటు, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అని ఐదు చూసుకోవాలని నర్సింగ్ మొదటి ఏడే నేర్పుతారు. ఆ ఐదూ మనసులో నడుస్తుండగా ఎవరైనా కదిలిస్తే ఏమవుతుందో సిడ్నీ ఆస్పత్రుల్లో నర్సుల వెంట తిరిగి లెక్కగట్టారు. 2010లో అచ్చయిన ఆ పరిశీలనలో, ఒక్కో అంతరాయానికీ పద్ధతిలో తప్పులూ మందులో తప్పులూ చెరి 12 శాతానికి పైగా పెరిగాయి. అంతరాయం అన్నప్పుడు ఫోనొక్కటే కాదు. తోటి సిస్టర్ ప్రశ్న, డాక్టర్ పిలుపు, "మా నాన్నకు సెలైన్ అయిపోవచ్చిందమ్మా" అనే కొడుకు, అన్నీ అంతరాయాలే. అయితే ఆ కొడుకును ఆపలేం, ఫోనును ఆపగలం అంటాడు పూర్వపక్షి. కాదనలేం.

చేతుల సంగతి ఇంకా గట్టిది. పేషెంటును ముట్టుకోబోయే ముందు, ముట్టుకున్నాక ఇలా ఐదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆల్కహాల్ ద్రావణంతో 20, 30 సెకన్లు రుద్దుకోవాలి. సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. అంత శ్రద్ధగా రుద్దుకున్న చేత్తో బస్సులోంచి, బాత్రూంలోంచి, క్యాంటీన్ బల్ల మీంచి వచ్చిన ఫోను ఎత్తితే ఆ నిమిషం గంగలో కలిసినట్టే. వైద్య సిబ్బంది ఫోన్ల మీద, మామూలు మందులకు లొంగని రకాలతో సహా, సూక్ష్మజీవులు దొరికాయని ఎన్నో దేశాల పరిశీలనలు చెప్తున్నాయి. ఫోన్ల వల్ల యంత్రాలు తికమకపడతాయన్న వాదం మాత్రం పాతబడింది. మీటరు దూరంలో పెడితే చాలంటున్నారు కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

ఫొటోల విషయంలో మాకు రెండో మాట లేదు. యూనిఫాం వేసుకుని, వెనక మంచం మీద స్పృహ లేని మనిషి కనిపిస్తుండగా పాటకు పెదాలు కదిపిన రీల్ ఎంత ముచ్చటగా ఉన్నా ఘోరమే. వ్యక్తిగత సమాచారానికి 2023లో పార్లమెంటు వేరే చట్టమే చేసింది గానీ ఈ ముక్క తెలుసుకోవడానికి చట్టం దాకా పోనక్కర్లేదు.

అదీగాక చూసేవాడి కడుపుమంట ఒకటుంది. తల్లికి ఆయాసంగా ఉందని రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లిన మనిషి మూడోసారి వచ్చేసరికి సిస్టర్ ఫోను చూసి నవ్వుతుంటుంది. ఆమె అంతకుముందే డ్యూటీ డాక్టరుకు మెసేజ్ పెట్టి ఉండొచ్చు. అతనికి కనిపించేది నవ్వే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో అచ్చయిన నర్సింగ్ పుస్తకంలో చప్పుళ్ల మీద ఒక అధ్యాయమే పెట్టి, పేషెంటు దగ్గర గరగరలాడే పట్టు బట్టల్నీ, గుమ్మం అవతల గుసగుసల్నీ తూర్పారబట్టింది. రింగ్‌టోన్ వినే యోగం ఆవిడకు పట్టలేదు.

సిద్ధాంతం

మీమాంసకులు నిషేధాల్లో తేడా చూస్తారు. మనిషి తన ఇష్టం కొద్దీ చేసేదాన్ని వద్దంటే పేచీ లేదు, అది శుద్ధ నిషేధం. శాస్త్రమే ఒకచోట చెయ్యమని, ఇంకోచోట అదే పని వద్దంటే? అందుకు వాళ్లు చూపే ఉదాహరణ అతిరాత్ర యాగం. రాత్రంతా సాగే ఆ యాగంలో షోడశి అనే సోమపాత్రను పట్టమని ఒక వాక్యం, పట్టవద్దని ఒక వాక్యం. రెండూ వేదమే గనుక దేన్నీ కాదనలేక, పట్టినా సరే మానినా సరే అని వికల్పం చెప్పుకున్నారు. చెప్పుకుంటూనే, వికల్పానికి ఎనిమిది దోషాలున్నాయి, గత్యంతరం లేకపోతే తప్ప దాని జోలికి పోవద్దన్నారు.

అతిరాత్రం అంటే నైట్ డ్యూటీ అని మేం కొత్తగా చెప్పాలా? షోడశి ఎవరి జేబులో ఉందో మాత్రం చూద్దాం. రాత్రి రెండింటికి ఛాతీనొప్పితో ఒకాయన వస్తాడు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి. తీసిన కాగితాన్ని ఫొటో కొట్టి ఇంట్లో నిద్రలో ఉన్న కార్డియాలజిస్టుకు పంపేది సిస్టర్ ఫోనులోంచే. ఆయన జవాబు వచ్చేదీ దానికే. ల్యాబ్‌లో పొటాషియం ప్రమాదంగా పెరిగిందంటే కబురు దానికే. రేపటి డ్యూటీ చార్టు అందులోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి ప్రభుత్వోద్యోగుల హాజరు కూడా ఫోన్ యాప్‌కు మొహం చూపిస్తేనే పడుతుంది. పల్లెల్లో తిరిగే ఏఎన్‌ఎంలకైతే 2016లో అన్‌మోల్ యాప్ వేసి ట్యాబులే చేతికిచ్చారు. ఒకే వృత్తిలో ఊళ్లో తిరిగేవారికి తెర చూడటం ఉద్యోగం, వార్డులో ఉన్నవారికి నేరం.

లెక్కలు సరేసరి. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టయితే మొత్తం 10,000 చుక్కలు, 480 నిమిషాలు, అంటే నిమిషానికి 21. మైక్రో సెట్టయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు, నిమిషానికి 62 కాదు 63 కాదు, మధ్యలో ఎక్కడో. గుండెకు మందు ఎక్కించాలంటే కిలో బరువుకు, నిమిషానికి, మైక్రోగ్రాముల్లో లెక్క. పాతకాలం సిస్టర్లు గుండెల మీద తలకిందులుగా వేలాడే గడియారం చూస్తూ ఇదంతా నోటితో చేసేవారు. చేసేవారన్నది నిజం. ఒక్కొక్కరికి ఎందరు పేషెంట్లు అన్నది అంతకన్నా నిజం. బోధనాస్పత్రిలో ముగ్గురికి ఒకరు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి పదకొండు దాటాక ఏ జనరల్ వార్డులోనైనా తలలు లెక్కపెట్టి చూడండి. అంతరాయాల మీద నోటీసు అంటించేవారు ఈ లెక్కను ఏ గోడకూ అంటించరు.

కాబట్టి మా నిర్ణయం వ్యవస్థిత వికల్పం. అంటే ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే కట్టిపెట్టిన వికల్పం. మందుల ట్రే చేతిలో ఉన్నంతసేపూ, మంచం పక్కన ఉన్నంతసేపూ, హ్యాండోవర్ జరుగుతున్నంతసేపూ సొంత ఫోను కూడదు. అప్పుడు దేవుడు ఫోన్ చేసినా ఎత్తనక్కర్లేదు. టీ తాగే గదిలో ఎత్తొచ్చు. పేషెంటు ఫొటో సొంత ఫోనులో ఎప్పుడూ కూడదు. ఇంతవరకూ పూర్వపక్షితో మాకు సంధే. అయితే ఈ నిషేధం అమల్లోకి రావాలంటే ఆస్పత్రి ముందు తన పనిని నర్సు జేబులోంచి దించుకోవాలి. వార్డుకో ఫోను కొని, తుడవడానికి వీలైన కవర్ వేసి, రీచార్జి తానే చేయించుకోవాలి. ఇప్పుడా రీచార్జి నర్సు జీతంలోంచి పోతోంది.

విశేషం

ఇంటివాళ్ల మాట మూలంలో ఊసైనా లేదు. వెనకటికి వార్డుకో ల్యాండ్‌లైన్ ఉండేది. ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే అత్తగారు ఆ నంబరుకు చేసేది. ఎవరో ఎత్తి "వరలక్ష్మి సిస్టర్! ఇంటినుంచి!" అని కేకేసేవారు. ఆ ఫోను తీసేశారు, నిషేధం తెచ్చారు. ఇప్పుడు అత్తగారికి తెలిసిన నంబరు కోడలి సెల్లొక్కటే. పన్నెండు గంటల రాత్రి డ్యూటీలో అది లాకర్లో ఉందంటే, కోడలి మనసు సగం ఆ లాకర్లోనే ఉంటుంది. అదీ అంతరాయమే. సిడ్నీవాళ్ల లెక్కలో ఇది చేరినట్టు లేదు.

రెండో వాక్యానికి టీక

తగు చర్య తీసుకొనబడును = తీసుకొనేదెవరో మూలం చెప్పదు. కర్మణి వాక్యంలో కర్త చాటుకు పోవడం వ్యాకరణం ఇచ్చిన వసతి, ఆఫీసు తెలుగు దాన్ని తనివితీరా వాడుకుంది. చర్య ఎవరి మీదో కూడా చెప్పలేదు గనుక, డ్యూటీలో ఉన్న నర్సు ఫోనుకు ఆర్డర్లు పంపేవారి మీద అని అన్వయించుకోవడానికి అడ్డేమీ లేదు. ఈ అన్వయాన్ని ఇన్‌ఛార్జి సిస్టర్‌కు వినిపించాం. ఆమె బీపీ రాసుకుంటూ తల ఎత్తకుండానే విన్నది. వార్డుకో ఫోను ఇప్పించమని తను ఇదివరకే పై ఆఫీసును అడిగిందట. సరే, ఇండెంటు రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టమన్నారట.