వర్షమాపకాన్ని మాట్లాడుతున్నాను

నెల్లూరు జిల్లా తీరంలో ఒక తహసీల్దారు ఆఫీసు ఆవరణలో ఉంటాను. నా మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. లోపలి సీసాలో 20 మిల్లీలీటర్ల నీరు చేరితే ఒక మిల్లీమీటరు వాన పడ్డట్టు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒకాయన వచ్చి, ఆ నీటిని కొలత గ్లాసులో పోసి, కంటికి ఎదురుగా పట్టి చూసి, రిజిస్టరులో రాసుకుంటాడు.

నైరుతి మాకు అంతంతమాత్రం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే మాకు దిక్కు. అప్పుడైనా చాలా రోజులు తుంపరే. వాయుగుండం పట్టిందా, సీసా నిండిపోతుంది. 2015 నవంబరులో జిల్లాను ముంచిన వానలు అలాంటివే. అందుకే నా రిజిస్టరులో చిన్న అంకెలు బోలెడు, పెద్దవి ఏ నాలుగో.

మొన్న ఒక స్టాటిస్టిక్స్ విద్యార్థిని నా పక్క గట్టు మీద కూర్చుని ఐదు వాన రోజులు ఏరుకుంది: 2, 3, 4, 6, 85 మిల్లీమీటర్లు. సగటు 20. పాఠంలోని సూత్రంతో స్టాండర్డ్ ఎర్రర్, అంటే సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, 16 పైచిలుకు వచ్చింది. దాన్ని రెండింతలు చేసి సగటుకు అటూ ఇటూ వేస్తే, కింది హద్దు మైనస్ 12 దాటింది. మైనస్ వానను నేను ఏ సీసాలో పట్టాలి తల్లీ!

అప్పుడామె 1979లో గణాంకవేత్త బ్రాడ్లీ ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్ పద్ధతి అందుకుంది. ఐదు అంకెలూ చీటీల మీద రాసి, ఒకటి తీసి చూసి, మళ్లీ అందులోనే వేయాలి. అలా ఐదుసార్లు తీసి సగటు కట్టాలి. కంప్యూటరు ఈ పనిని వేలసార్లు చేసిపెడుతుంది. దాదాపు మూడింట ఒకసారి 85 అసలు రాదు, సగటు ఆరు దాటదు. ఒక్కోసారి అదే రెండు మూడుసార్లు వచ్చి సగటును ఎగదోస్తుంది. ఆ సగటులు ఎంత చెదిరాయో కొలిస్తే అదే స్టాండర్డ్ ఎర్రర్. హద్దులనూ వాటిలోంచే తీస్తే కింద కురచగా, పైన పొడుగ్గా వస్తాయి. సున్నా కిందికి పోనే పోవు.

అయితే ఐదు రోజులు చాలవు. నేను చూడని వానను ఏ కంప్యూటరూ పుట్టించలేదు. పైగా తుపాను రోజులు జట్టుగా వస్తాయి. వాటిని విడదీసి చీటీలు వేస్తే సగటుల చెదురు ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. అందుకే ఒక్కో ఏడాది వానంతా ఒక్క చీటీగా వేయాలి. ఎంత మంచి లెక్కకైనా ఒక హద్దుంది: ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంకవేత్త సి.ఆర్.రావు 1945లోనే, నిష్పాక్షికమైన అంచనాకు చెదురు ఒక స్థాయికన్నా తగ్గదని ఆ హద్దు గీశారు. లెక్క మారిస్తే తెలియనిది తెలిసిపోదు.

కాబట్టి సగటు వాన ఇంత అని ఎవరైనా చెబితే, ఎన్నేళ్ల లెక్క, అటెంత, ఇటెంత అని అడగండి. ఊరి మురుగుకాలువను మాత్రం సగటు చూసి తవ్వకండి, 85ను చూసి తవ్వండి.