ఉమ్మేసే హక్కు

తోటి తాతలారా, ఈ మనవళ్ళ పరిపాలన మీ ఇంట్లోకీ వచ్చే ఉంటుంది. అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు నా గది పోయింది, సరే అనుకున్నాను. ఉయ్యాల కోసం నా పడక్కుర్చీ వసారాలోకి నడిచింది, దానికీ సరే అన్నాను. ఇప్పుడు మనవడికి అన్నం మొదలుపెట్టారు. ఇక ఈ గృహంలో నాకు మిగిలిన రాజ్యాంగబద్ధమైన హక్కు ఒక్కటే. కరెంటు బిల్లు కట్టడం.

సంక్షోభం ముహూర్తం దగ్గరే మొదలైంది. మగపిల్లాడు గనక సరి నెలలో, అంటే ఆరో నెలలో అన్నప్రాశన అన్నారు సిద్ధాంతిగారు. ఆరు నెలలు నిండాకే, అంటే 180 రోజులు దాటాకే తల్లిపాలతో పాటు మరొకటి అన్నారు డాక్టరుగారు. ఆరో నెల నడవడానికీ ఆరు నెలలు నిండడానికీ మధ్య ఒక అగాధం ఉంది చూశారా, అందులో మా ఇల్లు రెండు శిబిరాలుగా చీలింది. ఫోనులో వియ్యపురాలు ఒక వైపు, మా అమ్మాయి ఒక వైపు, మా ఆవిడ గంటకో వైపు. ఎట్టకేలకు సంధి కుదిరింది: ముహూర్తానికి బంగారు ఉంగరంతో పాయసం పెదవికి తాకించి తుడిచెయ్యాలి, అసలు తిండి నెలలు నిండాక. పాయసం గిన్నె మొత్తం నాకే మిగులుతుందని లోలోపల మురిశాను. నాకు షుగరున్న సంగతి సరిగ్గా అప్పుడే అందరికీ గుర్తొచ్చింది.

ఆ రోజు వాడి ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి, పువ్వు అన్నీ పరిచారు. ఏది పట్టుకుంటే జీవితం ఆ దారిన సాగుతుందని నమ్మకం. వాడు వాటన్నిటినీ ఉపేక్షించి, ఎత్తుకున్న నా మొహమ్మీది కళ్ళజోడు లాగాడు. కంటి డాక్టరవుతాడని కరతాళధ్వనులు మోగాయి. కళ్ళజోడు కాడ విరిగింది.

తర్వాత ఉగ్గు. బియ్యం, పెసరపప్పు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, జీలకర్ర, చిటికెడు వాము చేర్చి రవ్వలా పట్టాలి. ఆరబెట్టడానికి నా ఉతికిన పంచె. రాగులు నానబోసి, మూటగట్టి, మొలకలు తెప్పించడానికి నా రెండో పంచె. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని మా అమ్మాయి సెలవిచ్చింది. పంచెకు పట్టిన పులుపు వాసన ఎన్ని మిల్లీగ్రాములో ఎవరూ తూచలేదు. మిక్సీ ఇప్పుడు వాడిది. కారం అంటుతుందని నా కొబ్బరి పచ్చడికి అందులో ప్రవేశం నిషిద్ధం. అంగన్‌వాడీ వాళ్ళు ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం, రెండున్నర కిలోల ప్యాకెట్టు, నా పుస్తకాల అలమరలో పెట్టారు. అక్కడికి ఎలకలు రావని. ఇప్పుడు వస్తున్నాయి.

తినిపించే ఘట్టం వేరు. కింద నా పేపరు పరుస్తారు, అదీ ఆ రోజుది, నేను మడత విప్పకముందే. మెడకు నా తువ్వాలు చుడతారు. పగలు చందమామ దొరకడు గనక కాకిని పిలుస్తారు. కాకి రాకపోతే నన్ను పిలుస్తారు. పెద్ద పెద్ద ఆఫీసర్ల బిల్లులకు అభ్యంతరాలు రాసి వెనక్కి పంపిన ట్రెజరీ ఉద్యోగిని, పిట్టగోడ పక్కన నిలబడి కావు కావుమంటున్నాను. గొంతు బాగా కుదిరిందని పక్కింటాయన మెచ్చుకున్నారు.

ఇంతా చేసి పెట్టిన చెంచాడూ వాడు నాలుకతో బయటికి నెట్టేస్తాడు. అది తిరస్కారం కాదట. పాలు చప్పరించిన నాలుకకు ముందుకు తొయ్యడమే తెలుసట, వెనక్కి పంపడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోందట. కొత్త రుచి ఏదైనా ఎనిమిది పదిసార్లు పెడితేగానీ పిల్లలకు అలవాటు కాకపోవచ్చట, బలవంతం మాత్రం చెయ్యకూడదట. క్యారెట్టు వద్దంటే గుమ్మడికాయ, గుమ్మడికాయ వద్దంటే అరటిపండు, ఒకటి పెట్టాక మూడు రోజులు ఆగి ఇంకొకటి, ఆ చిట్టా అంతా నా క్యాలెండరు మీద. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. మా ఆవిడ తేనె సీసా అటకెక్కింది. ఉప్పూ కూడదు, పంచదారా కూడదు.

ఇదిగో, నా అసలు ఆక్షేపణ ఇక్కడ. ఉప్పు మీద ఆంక్ష ఈ ఇంట్లో ఇద్దరికి ఉంది. వాడికి వయసు చాలక, నాకు బీపీ ఎక్కువై. చప్పటి పప్పు వాడు ఉమ్మేస్తే నేతిబొట్టు వేసి, గోరువెచ్చ చేసి, పాట పాడి, బుగ్గ నిమిరి మళ్ళీ బతిమాలతారు. అదే పప్పు ముందు నేనొక్క నిట్టూర్పు విడిస్తే, “తింటే తినండి, లేకపోతే లేదు.” ఎనిమిది పదిసార్ల వెసులుబాటు నాకెందుకు వర్తించదని లిఖితపూర్వకంగా అడిగాను. ఆ కాగితం మీద ఉడికించిన చిలగడదుంప చల్లార్చారు.

నిన్న తెగించి ఆవకాయ జాడీ అందుకున్నాను. “నాన్నా, వాడు చూస్తున్నాడు!” అంది అమ్మాయి. నిజమే, చూస్తున్నాడు. జాడీనే చూస్తూ నోరు ఇంత తెరిచాడు. ఉగ్గుకు ఏనాడూ అంత తెరవలేదు. సందు దొరికింది కదా అని మా ఆవిడ చెంచా లోపల పెట్టేసింది, వాడు మింగేశాడు. ఇంట్లో విజయోత్సవం. ఇకపై మూడు పూటలా ఆవకాయ జాడీ పట్టుకుని వాడి ఎదురుగా కూర్చోవడం నా డ్యూటీ. మూత తియ్యకుండా.