‘ఏమి చేతము?’ పద్యానికి విహారసంజీవనీ వ్యాఖ్య

అవతారిక

అనుబంధ చతుష్టయం చెప్పకుండా వ్యాఖ్య మొదలుపెట్టడం శాస్త్రదోషం. కాబట్టి ముందు అది. అధికారి: ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో హోటలు గది తీసుకున్న తల్లిదండ్రులు. విషయం: పిల్లలకోసం అక్కడ ప్రత్యేకంగా ఏమేమి ఉన్నాయో వెతకడం. సంబంధం: క్రెడిట్ కార్డుకూ కుటుంబానికీ ఉన్నది. ప్రయోజనం: పిల్లవాడు తనంతట తాను నిద్రపోవడం.

మెదకు సీమ కోలాచలం మల్లినాథసూరి సంజీవని రాయడానికి కాళిదాసు దొరికాడు. మనకు దొరికింది ఒక్క ఆటవెలది.

మూలం

రైడులన్ని తిరిగి రాకుమారిని చూచి
కోట ముందు నిలిచి కోను తిన్న
పిల్లవాఁడు సందె పెదవి విరిచి పల్కె
“అమ్మ, యేమి చేత” మనుచు మరల.

ప్రతిపదార్థం

రైడులు + అన్ని = ఎక్కించుకుని తిప్పి దింపే యంత్రాలన్నిటిని; తిరిగి = తిరిగి (తల తిరిగి అని శ్లేష); రాకుమారిని = వరుసలో నిలబడ్డవారికి మాత్రమే దర్శనమిచ్చే రాచబిడ్డను; చూచి = ఫోటో దిగి; కోట ముందు = 189 అడుగుల సిండ్రెల్లా కోట ఎదుట; నిలిచి = కూర్చోవడానికి చోటు లేక; కోను = కరిగిపోతున్న ఐస్‌క్రీమును; తిన్న = సగం తిని, సగం చొక్కాకు పెట్టిన; పిల్లవాఁడు = బాలుడు (బాలికకూ ఇదే అన్వయం); సందె = పొద్దుగూకే వేళ; పెదవి విరిచి = మూతి ముడిచి; అమ్మ = ఓ తల్లీ; ఏమి చేతము = ఏం చేద్దాం; అనుచు = అంటూ; మరల = ఇంతకు ముందు అన్నట్టే; పల్కె = పలికెను.

శంక: ‘రైడులన్ని’ అనడం ఎలా చెల్లుతుంది? అక్కడ నాలుగు థీమ్ పార్కులు, రెండు నీటి పార్కులు ఉన్నాయి. పైగా స్పేస్ మౌంటెన్ ఎక్కడానికి 44 అంగుళాల ఎత్తుండాలి, ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకు 38 అంగుళాలు.

సమాధానం: ‘అన్ని’ అంటే గుమ్మం దగ్గరి కొలతకర్ర ఒప్పుకున్నవన్నీ అని అర్థం. ఎత్తు చాలని పిల్లవాడి దగ్గర ఒకరు ఉండగా రెండోవారు ఎక్కి వచ్చి, తరువాత మొదటివారు మళ్ళీ పెద్ద వరుసలో నిలబడకుండానే ఎక్కే పద్ధతి ఉంది. దాన్ని రైడర్ స్విచ్ అంటారు. అది దంపతులకు చేసిన ఉపకారం. పిల్లవాడి ప్రశ్నకు జవాబు కాదు.

పాఠాంతరాలు

‘అమ్మ’ అన్నచోట కొన్ని ప్రతుల్లో ‘నాన్న’ అని ఉంది. గణం సరిపోతుంది గాని యతి చెడుతుంది. నాన్న అప్పటికే గదిలో నిద్రపోయాడు కనుక సందర్భమూ చెడుతుంది. ‘అమ్మమ్మ’ అన్నది ఇంకో పాఠం. ఆమె గుంటూరు నుంచి విజిటరు వీసా మీద వచ్చివుంటే ఇది గ్రాహ్యమే. ఛందస్సు పాడైనా సాయంత్రం బాగుపడుతుంది.

‘పల్కె, అమ్మ’ అన్నచోట సంధి ఎందుకు జరగలేదని వైయాకరణులు నిలదీస్తారు. పొద్దున్నుంచి నడిచి వచ్చిన సంసారంలో ఆ వేళకు ఎవరికీ ఎవరితోనూ సంధి కుదరదని సమాధానం.

విశేష వ్యాఖ్య

పద్యానికి ప్రాణం ‘చేతము’. దీన్ని తేలిగ్గా దాటిపోయినవారే ఇంకో టికెట్టు కొంటారు. రైడు ఏం చేస్తుంది? పిల్లవాణ్ణి కూర్చోబెడుతుంది, కడ్డీ బిగిస్తుంది, తిప్పుతుంది, దింపుతుంది. అంతా కర్మణి ప్రయోగం. వాడు తిప్పబడ్డాడు, చూపబడ్డాడు, ఫోటో తీయబడ్డాడు. సందెవేళ వాడు అడుగుతున్నది కర్తరి ప్రయోగం. అదీ ఏకవచనంలో కాదు. ‘నేనేం చేయను’ అనలేదు, ‘ఏం చేద్దాం’ అన్నాడు. ఆ బహువచనంలో తల్లి కూడా ఉంది.

దీనికి శిష్టప్రమాణం వాల్ట్ డిస్నీయే. లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కితే తాను బల్లమీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడే చోటు ఉంటే బాగుండునని అనుకున్నట్టు ఆయనే చెప్పుకున్నాడు. ఆ తలపు 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అయింది. ఆయన 1966లో పోయాక, అన్న రాయ్ పూనికతో 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తెరుచుకుంది. ఇప్పుడు బల్ల మీద మనం కూర్చుని ఫోను చూస్తున్నాం. అందువల్లనే ‘మరల’ అన్న పదం.

కర్తరి ప్రయోగానికి ఉదాహరణలు

ఒకటి, చలిమంట. ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే అడవి విడిదిలో సాయంత్రం చిప్, డేల్ అనే రెండు ఉడుతలు వచ్చి పాటలు పాడిస్తాయి. మంటమీద పిల్లలు పుల్లకు గుచ్చి మార్ష్‌మాలోలు కాల్చుకుంటారు. తరువాత ఆరుబయట సినిమా. చూడ్డానికి రుసుము లేదు. ఆ విడిదిలో దిగినవారే రావాలన్న నియమమూ లేదు. అక్కడే గుర్రపుశాల ఉంది. చిన్నవాళ్ళను పొట్టిగుర్రం ఎక్కిస్తారు, దానికి మాత్రం డబ్బులివ్వాలి.

నిషేధవాక్యం: మామూలు మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు జెలటిన్ లేనివి ముందే కిరాణాకొట్టులో కొని పట్టుకెళ్ళాలి. కాల్చాక అడిగితే ప్రాయశ్చిత్తం తప్ప ప్రత్యామ్నాయం లేదు.

రెండు, బిళ్ళల పుస్తకం. యానిమల్ కింగ్‌డమ్‌లో ‘విల్డర్‌నెస్ ఎక్స్‌ప్లోరర్స్’ అని ఊరికే ఒక చిన్న పుస్తకం ఇస్తారు. పిల్లలు పార్కంతా తిరిగి, జంతువుల గురించి అడిగినదానికి జవాబు చెప్పి, ఒక్కో బిళ్ళ అంటించుకుంటారు. 2009లో వచ్చిన ‘అప్’ సినిమాలోని పిల్లవాడి బిళ్ళల పిచ్చి దీనికి మూలం. ఎప్‌కాట్ అనే ఇంకో పార్కులో పదకొండు దేశాల మండపాల దగ్గర పిల్లలకోసం వేసిన కిడ్‌కాట్ బల్లలు కూడా ఈ కోవలోవే.

మూడు, పిన్నుల మారకం. పిల్లలు డిస్నీ బొమ్మల పిన్నులు గుచ్చిన తాడు మెడలో వేసుకుని, తమ పిన్ను ఇచ్చి ఉద్యోగి దగ్గరున్న పిన్ను తీసుకోవచ్చు. పెద్దలతో సమానంగా బేరమాడే అవకాశం ఆ వయసులో ఇంకెక్కడా రాదు.

నాలుగు, ఏమీ కొననక్కరలేనివి. మోనోరైలు ఎక్కడానికి పార్కు టికెట్టు అడగరు. పాలినీషియన్ హోటలు ఒడ్డున కూర్చుంటే చీకటిపడ్డాక నీళ్ళమీద దీపాల పడవలు సాగుతాయి. ఆ ఊరేగింపు 1971లోనే మొదలైంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో కిటికీ బయట జిరాఫీలు మేస్తుంటాయి. వాటిని ముందు ఎవరు కనిపెడతారన్నది పందెం.

ఇవి ఎక్కడ రాసివుంటాయి? హోటలు కౌంటరు దగ్గర అడిగితే ఇచ్చే కార్యక్రమాల కాగితంలో. ఈతకొలను దగ్గర ఏ గంటకు ఏ ఆట, చొక్కాకు రంగులద్దడం ఎప్పుడు, ఏ రాత్రి ఏ సినిమా అన్నీ అందులో ఉంటాయి.

మతఖండనం

ప్రణాళికావాదుల మతం: అరవై రోజుల ముందే భోజనపు బల్లలు ఖాయం చేసుకుని, గంటగంటకూ ఎక్సెల్ పట్టీ వేసుకుంటే ఖాళీ ఉండదు, ఖాళీ లేకపోతే ప్రశ్న ఉండదు. ఇది నిలవదు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన తరచు వస్తుంది, బయటి రైడులు ఆపుతారు, పట్టీ తడుస్తుంది. ప్రశ్న మాత్రం తడవదు.

విశేషమంటే ఖరీదన్నది వ్యయవాదుల మతం. మూడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రాకుమారి వేషం వేసే దుకాణం ఉందంటారు. ఉంది, బాగుంటుంది కూడా. కాని అదీ కుర్చీలో కూర్చోబెట్టి చేసేదే. కర్మణి అన్నాం కదా.

రసం, అలంకారం

తల్లి పక్షాన కరుణం, పిల్లవాడి పక్షాన అద్భుతం, హోటలు పక్షాన శాంతం. ఇన్ని కారణాలుండీ తృప్తి అనే కార్యం పుట్టలేదు కాబట్టి విశేషోక్తి అలంకారం.

తాత్పర్యం

రైడులన్నీ ఎక్కి, రాకుమారిని చూసి, కోట ముందు కోను తిన్న పిల్లవాడు సాయంత్రం మళ్ళీ “ఏం చేద్దామమ్మా” అన్నాడంటే వాడికి ఆశ ఎక్కువని కాదు. వాడికి జరిగినవి చాలు, ఇక వాడు చేసేది కావాలి. తల్లి కౌంటరు దగ్గర ఆ కాగితం తెచ్చి వాడి చేతిలోనే పెట్టాలి. ఏరుకోవడం వాడి పని, వెంట నడవడం ఆమె పని. నాన్నను లేపాలా వద్దా అన్నది మూలంలో లేదు. లేపమనే వ్యాఖ్యాత అభిప్రాయం. ‘చేతము’ బహువచనం కదా.