గడ్డికోత వాక్యము: సటీక, సతాత్పర్యము

మూలం

"అన్నా, మాది అల్లూరు తట్టు. గడ్డి కోసేదానికి రొంత చవగ్గా మిషనేదన్నా ఉంటే చెప్పు. ఊరికే చెడిపోకూడదు."

అవతారిక

నెల్లూరు ట్రంకురోడ్డులో పనిముట్ల దుకాణం మెట్టెక్కిన ఏ రైతైనా పలికే వాక్యమిది. కర్త ఫలానావాడని చెప్పలేం గనుక అపౌరుషేయమనే అనుకోవాలి. గడ్డికి ఇంత రాద్ధాంతమా అని ముక్కున వేలేసుకునేవారు కాటమరాజు కథ గుర్తు చేసుకోవాలి. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికీ, ఆలమందలను మేపుకోవడానికి వచ్చిన కాటమరాజుకీ పుల్లరి (మేత పన్ను) దగ్గర పేచీ వచ్చి యుద్ధం దాకా పోయిందనీ, మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన అందులోనే కూలాడనీ ఆ కథ చెబుతుంది. మేత కోసం కత్తులు దూసిన సీమలో మేతకు ఏ కత్తి కొనాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ప్రతిపదార్థం

అన్నా = ఓ దుకాణదారుడా! వయసుతో నిమిత్తం లేదు. బేరానికి ముందు చుట్టరికం కలుపుకోవడం ఇందలి ధ్వని. ఎదుటివాడు "చెప్పబ్బా" అంటే చుట్టరికానికి ఒప్పుకున్నాడనీ, ధర తగ్గించడానికి ఇంకా ఒప్పుకోలేదనీ గ్రహించాలి.

అల్లూరు తట్టు = సముద్రానికి దగ్గరి మాగాణి సీమ. ఊరి పేరే కదా అని దాటెయ్యకూడదు. మిషను ఎంపికలో సగం దీనిలోనే ఉంది. నేల మెత్తన, బరువైన ట్రాక్టరు దిగబడుతుంది. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. ఏడాది తిరిగేసరికి బోల్టు తల తుప్పు రేగి, పానా పెడితే జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం గడ్డిని ఎండనివ్వదు. కాబట్టి తేలిగ్గా ఉండాలి, తుప్పుకు ఆగాలి, ఎండ కాసే నాలుగు రోజుల్లో పని ముగించాలి.

గడ్డి = నానార్థ పదం. ఒకటి, వరిగడ్డి. కోత మిషను నలగ్గొట్టి పొలంలో వరసగా పడేసిపోయినది; దీనికి కావలసింది కట్టలు కట్టే బేలరు, కోసే యంత్రం కాదు. రెండు, పిల్లిపెసర. వరి కోతలయ్యాక ఆరీ ఆరని పదునులో పెరిగి ఒకదానికొకటి అల్లుకునే తీగ. మూడు, కో-4, ఏపీబీఎన్-1 వంటి నేపియర్ రకాలు. కాడ చెరకు గడకు తమ్ముడు. నాలుగు, గట్టు మీది గరిక. ఏ గడ్డో తేల్చకుండా మిషను పేరెత్తేవాడు అన్వయం కుదరకముందే తాత్పర్యం చెప్పేవాడు.

కోసేదానికి = కోయుటకు. కోత మూడు విధాలు. కత్తిరించేది మొదటిది: కట్టర్‌బార్. వేళ్లలాంటి గార్డుల మధ్య ముక్కోణపు బ్లేడ్లు అటూ ఇటూ ఆడతాయి. తక్కువ శక్తి చాలు, చిన్న ట్రాక్టరైనా లాగుతుంది. ఒక బ్లేడు విరిగితే దాని రివెట్లు కొట్టి ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. అయితే పడిపోయి అల్లుకున్న తీగ దొరికితే గొంతుకు అడ్డం పడుతుంది. కొట్టేది రెండోది: డ్రమ్ మోవర్, డిస్క్ మోవర్. వేగంగా తిరిగే బ్లేడ్లు దెబ్బకు తెంపుతాయి. పడిన పంటకైనా వెరవవు, కానీ పెద్ద ట్రాక్టరూ ఎక్కువ డీజిలూ అడుగుతాయి. తునకలు చేసేది మూడోది: స్లాషర్. చెత్త చదును చేయడానికి ఘనమైనది. మేతకు మాత్రం కొనరాదు. మట్టిలో కలిసిన తునకల్ని ఏరిపెట్టేదెవరు?

రొంత చవగ్గా = కొంచెం తక్కువ ధరకు. చవక కూడా రెండు రకాలు: కొన్ననాటి చవక, కోసిననాటి చవక. మొదటిదానికి ప్రభుత్వం సాయపడుతుంది. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకంలో చాలా పనిముట్లకు చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం దాకా, పరిమితికి లోబడి, రాయితీ ఉంది. గడ్డికోత యంత్రాలకూ బేలర్లకూ జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు దిగింది. రెండో చవకకు మాత్రం ఊళ్లో మెకానిక్కే దిక్కు.

మిషనేదన్నా = యంత్రము ఏదైనను. వాక్యమంతటిలో ప్రమాదకరమైన పదం ఇదే. దుకాణదారుడు చెవి రిక్కించేది ఇక్కడే. గోదాములో రెండేళ్లుగా కదలని సరుకంతా ఈ "ఏదన్నా"లో ఇమిడిపోతుంది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే సాయంత్రానికి ఒక్క మిషనూ పోదు.

శంక - సమాధానం

శంక: కొడవలి ఉండగా మిషనెందుకు?
సమాధానం: గేదెకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిమేత కావాలి. రెండు గేదెలకైతే కొడవలికి మించింది లేదు. పది పన్నెండు పాడి పశువులున్నచోట మనిషి నడుం ఒప్పుకోదు. అక్కడ బ్రష్ కట్టర్ కొనాలి. నేపియర్‌కు నైలాన్ దారం పనికిరాదు, పళ్ల బ్లేడు బిగించాలి. టూస్ట్రోక్ రకమైతే పెట్రోలులో ఆయిలు కలపడం మరవకూడదు. మరిచిననాడు పిస్టన్ పట్టేస్తుంది.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో "మిషనేదన్నా బాడిక్కి ఉంటే చెప్పు" అని ఉంది. ట్రాక్టరు వెనక తగిలించే మోవరుకూ బేలరుకూ ఈ పాఠమే గ్రాహ్యం. ఏడాదికి పది రోజులు పనిచేసి, తక్కిన రోజులన్నీ కొట్టంలో తుప్పు పట్టే దానికి వడ్డీ కట్టడం కన్నా పక్క ఊరి మిషనుకు బాడుగ ఇవ్వడం మేలు. నలుగురైదుగురు కలిసి కొంటే ఇంకా మేలే. అయితే అందరి గడ్డీ ఒకే వారంలో కోతకొస్తుంది గనుక ఎవరి పొలం ముందన్నది కొనకముందే తేల్చుకోవాలి.

తాత్పర్యం

ఓ అన్నా! నా నేలకూ, నా గడ్డికీ, నా పశువుల లెక్కకూ సరిపడేదాన్ని, విడిభాగం నెల్లూరులోనే దొరికేదాన్ని చూపించు అని భావం. నేపియర్‌ను దాదాపు 45 రోజులకోసారి కోస్తూ పోవాలి. ఒక చిన్న బేరింగు మద్రాసు నుంచి రావాలని రెండు వారాలు ఆగితే కాడ చెక్కబారుతుంది. గేదె ఆకు తిని కాడ గాడిలో వదిలేస్తుంది, పాలు తగ్గుతాయి. చవక మిషను ఖరీదు అక్కడ బయటపడుతుంది. గడ్డి ముదరకముందు కోసిపెట్టిందే చవక.

విశేషాలు

"కోసేదానికి" అన్న పదంతో ఎండబెట్టడాన్నీ కలుపుకోవాలి. ఎండుమేతలో తేమ 15 శాతం దగ్గరకు దిగాలి. పచ్చి ఆరకుండా వామి వేస్తే లోపల కాగి బూజు పడుతుంది. పిల్లిపెసరను పొద్దున మంచు తడి ఉండగానే తిరగెయ్యాలి, ఎండెక్కాక ముట్టుకుంటే ఆకంతా రాలి తీగ మిగులుతుంది. ఈ సీమ పశువులే 19వ శతాబ్దంలో బ్రెజిల్ చేరి, నెలోర్ అన్న పేరుతో అక్కడి బయళ్లను నింపాయి. వాటి మేత అవే వెతుక్కుంటాయి. ఇంట్లో మిగిలిన చుట్టాలకే మనం కోసిపెట్టాలి.

"ఊరికే చెడిపోకూడదు" అన్నచోట అతిశయోక్తి అలంకారం. దీనికి బదులుగా దుకాణదారుడు పలికే "గ్యారంటీ" పదం బిల్లు మీద రాసిస్తే శాసనం. నోటితో అంటే అర్థవాదం.