వినని విద్వాంసుడికి సన్మానపత్రం

అయ్యా, స్కానింగు మహాశయా!

అచ్చు కాగితం మీద అయిదు గీతల మధ్య పడుకుని ఉన్న సంగీతాన్ని చూసిన మరుక్షణం కంప్యూటర్లోకి ఎక్కించి, దిద్దుకోవడానికీ వాయించుకోవడానికీ వీలుగా ఇస్తామని తమరు మాటిచ్చిన నాటి నుంచీ తమరికి ఒక శాలువా బాకీ పడి ఉన్నాం. పియానో నేర్పే మాస్టార్లు, చర్చి క్వాయర్ నడిపే పెద్దలు, "ఈ పాట నా గొంతుకి ఎక్కువైంది, కాస్త శ్రుతి దించి రాసిపెట్టండి" అనే గాయకులకి కాదని చెప్పలేని నాబోటి వాళ్లం కలిసి ఈ పత్రం సమర్పిస్తున్నాం. ఇందులో తమరి పేరు వెయ్యడం లేదు. తమరిలాంటి వారు బజారులో ఇంకా కొందరున్నారు. ఒకరిని పొగిడితే మిగతావారు చిన్నబుచ్చుకుంటారు.

సన్మానపత్రమన్నాక ముందు వంశప్రశంస ఉండాలి కదా. 1966లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో డెనిస్ ప్రస్లిన్ అనే పరిశోధకుడు అచ్చు సంగీతాన్ని కంప్యూటరు చేత చదివించడం మీద సిద్ధాంతవ్యాసం రాశారు. పాపం, ఆయనకి ధైర్యం చాలలేదు. కొద్ది గుర్తుల వరకే చదివిస్తానని హద్దు గీసుకుని కూర్చున్నారు. 1984లో జపాన్‌లో వసేదా విశ్వవిద్యాలయం వారు వాబోట్-2 అనే మరమనిషిని తయారుచేశారు. దానికి తల ఉండాల్సిన చోట కెమెరా. ఎదురుగా కాగితం పెడితే చదివేది, ఎలక్ట్రానిక్ ఆర్గన్ మీద చేతులతోనూ కాళ్లతోనూ వాయించేది. అంతటితో ఆగితే బాగుండేది. పక్కన మనిషి పాడుతుంటే ఆ గొంతు విని, దానికి తగ్గట్టు తోడు కూడా వాయించేది! చెవిన పెట్టే ఆ దురలవాటు తమరి వంశంలో ఆ ఒక్కరితోనే ఆగిపోయింది. తమరు నిలువెల్లా కళ్లే. సంగీతానికి చెవులు కావాలన్న పాతకాలపు మూఢనమ్మకాన్ని ఇంత నిబ్బరంగా కొట్టిపారేసిన విద్వాంసులు ఇంకొకరు లేరు.

తమరి పద్ధతి కూడా సామాన్యమైంది కాదు. 1501లో వెనిస్‌లో ఒత్తావియానో పెత్రుచ్చి అనే అచ్చుపనివాడు ఒకే కాగితాన్ని మూడుసార్లు ప్రెస్సులోకి పంపేవాడు. ఒకసారి గీతలు, ఒకసారి స్వరాలు, ఒకసారి మాటలు. స్వరం సరిగ్గా గీత మీద కూర్చోవాలని ఆయన తాపత్రయం. ఒక్క వెంట్రుకవాసి జరిగితే సంగీతం మారిపోతుంది మరి. తమరి వంశం వారు చాలాకాలం చేసిన మొట్టమొదటి పని ఏమిటంటే, ఆ గీతలన్నీ చెరిపెయ్యడం. గీతలు అడ్డుపడకుంటే గుర్తులు విడివిడిగా కనిపిస్తాయట. గుర్తులు పట్టుకున్నాక, అవి ఏ గీత మీద ఉండేవో లెక్కగట్టి చెబుతారు. పెత్రుచ్చి బతికుంటే ఈ తెగువ చూసి ఏమయ్యేవాడో!

ఇక తమరి పాండిత్యం. జి మేజర్ మెనుయెట్ అని ఒక చిన్న ముక్క ఉంది. చాలాకాలం బాఖ్ పేరున చలామణీ అయి, చివరికి క్రిస్టియాన్ పెట్సోల్డ్‌దని తేలింది. హైదరాబాదులో పియానో క్లాసుకి వెళ్లే పిల్లల్లో దీన్ని వాయించని వాళ్లు అరుదు. బార్‌కి, అంటే నిలువుగీతల మధ్య ఒక్కో గడికి, మూడు క్రోచెట్లు. క్రోచెట్‌ని ఒక అక్షరకాలం అనుకుంటే క్వేవర్ అర అక్షరం. మొదటి బార్‌లో డి ఒక క్రోచెట్, ఆపైన జి, ఎ, బి, సి నాలుగు క్వేవర్లు. లెక్క సరిపోయింది. పిల్లల పుస్తకం కనుక స్వరాల నెత్తిన ఏ వేలు వాడాలో అంకెలు వేస్తారు. బి మీద 3 ఉంది, అంటే మూడో వేలు. తమరు ఆ 3ని చూశారు, దాని కింద ఎ, బి, సి మూడూ వరుసగా ఉండటం చూశారు, వెంటనే అక్కడ తిస్రం పలికించారు. మూడు క్వేవర్లు కలిసి ఒక్క క్రోచెట్‌లోకి ఒదిగాయి. దాంతో బార్‌లో అర అక్షరం తరుగు పడింది. తమరు జంకలేదు. చివర ఒక క్వేవర్ రెస్టు పెట్టి ఖాతా సరిచేశారు. ఆ మౌనం పెట్సోల్డ్‌కి తోచలేదు, బాఖ్‌కీ తోచలేదు. మా పక్కింటి పిల్ల దాన్ని శ్రద్ధగా సాధన చేసింది. ప్రతిసారీ ఎక్కిళ్లు వచ్చినట్టు అక్కడ ఆగేది.

వేలి అంకెలో తిస్రం చూడగలిగిన ఆ కళ్లే బీథోవెన్ దగ్గర ఎంత సంయమనం చూపాయో! 'మూన్‌లైట్' సొనాటా మొదటి భాగం అంతా తిస్రగతే. బార్‌కి పన్నెండు క్వేవర్లు, మూడేసి చొప్పున నాలుగు గుంపులు. అచ్చువేసే వాళ్లు మొదట్లో 3 అని గుర్తు పెట్టి, ఆ తర్వాత మానేస్తారు. వాయించేవాడికి చెవులుంటాయి కదా, తెలుసుకుంటాడులే అని వాళ్ల ధీమా. అంకె కనిపించని చోట తమరు ఒక్క తిస్రాన్ని కూడా ఊహించుకోలేదు. పన్నెండు క్వేవర్లంటే ఆరు క్రోచెట్లు, బార్‌లో చోటు నాలుగింటికే. ఎనిమిదింటిని ఉంచి, మిగిలిన నాలుగింటినీ నడిరోడ్డున వదలకుండా వాటికి రెండో గొంతు కల్పించి అదే బార్‌లో సర్దారు. ఆ భాగంలో 69 బార్లున్నాయి. వెన్నెల సంగతి అటుంచితే, రెండు పెళ్లి బ్యాండ్లు ఒకే సందులో ఎదురుపడ్డట్టు వినిపించింది.

చుక్క విషయంలో తమరి సమదృష్టి ఇంకా గొప్పది. స్వరం పక్కన చుక్క పెడితే దాని కాలం ఇంకో సగం పెరుగుతుంది. అదే చుక్క స్వరం నెత్తిన పెడితే స్టకాటో, చటుక్కున తుంచెయ్యాలి. స్థానం మిల్లీమీటరు తేడా వస్తే అర్థం తలకిందులు. ఇలాంటి చాదస్తాలు తమరికి లేవు. పక్క చుక్కని పైకెత్తుతారు, పై చుక్కని పక్కకి దించుతారు, పాత పుస్తకం మీద ఈగ వేసిన చుక్కకి కూడా కాదనకుండా స్టకాటో హోదా ఇస్తారు. బృందగానాల్లో టెనర్ల వరుసకి మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు కింద బుల్లి 8 ఉంటుంది, ఒక అష్టకం దించి పాడమని. తమరు దాన్ని పట్టించుకోకపోవడంతో మగవాళ్లు సొప్రానోల పక్కన చేరారు. స్త్రీ పురుష సమానత్వం కోసం ఇంత పాటుపడిన సాఫ్ట్‌వేర్ మరొకటి లేదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచెయ్యాలి. బాఖ్ 1722 నాటి 'వెల్-టెంపర్డ్ క్లావియర్'లో మొదటి ప్రెలూడ్‌కి 35 బార్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ష్వెంకె అనే ఆయన నకలు రాస్తూ, ఒకచోట బేస్ స్వరం నడక బాగాలేదని తోచి, మధ్యలో ఒక బార్ సొంతంగా చేర్చాడు. అది అచ్చుల్లోకి ఎక్కింది. స్వరకర్త గూనో ఆ ప్రెలూడ్ మీదే తన 'ఆవె మరియా' కట్టినప్పుడు ఆ దొంగ బార్ కూడా దర్జాగా కూర్చుంది, నేటికీ పెళ్లిళ్లలో పాడుతూనే ఉన్నారు. ఒక్క బార్ చొప్పించడానికి ష్వెంకెకి హార్మొనీ శాస్త్రం తెలియాల్సి వచ్చింది, బాఖ్ తప్పు చేశాడనేంత పొగరూ కావాల్సి వచ్చింది. తమరు శాస్త్రమూ పొగరూ రెండూ లేకుండానే పేజీకొక పాఠాంతరం సృష్టిస్తున్నారు. రేపటి పరిశోధకులకి ఉద్యోగాల కరువుండదు.

నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఒప్పుగా చదువుతానని తమరి ప్రకటనల్లో చదివాం. నమ్ముతాం. పేజీకి అయిదు వందల గుర్తులుంటే తప్పులు అయిదే. ఆ అయిదూ ఎక్కడున్నాయో చెప్పకపోవడంలోనే ఉంది తమరి గడుసుదనం. కాలం లెక్క తప్పితే బార్‌కి ఎర్రరంగు పూస్తారు, అది ఎవరికైనా కనిపిస్తుంది. స్వరం తప్పి లెక్క సరిపోతే మాత్రం నోరు మెదపరు. మూన్‌లైట్‌కి మొదట్లో నాలుగు షార్పులుంటాయి. ఒక వరుసలో మూడే కనిపించాయనుకోండి, ఆ వరుసలోని డి-షార్పులన్నీ మారుమాట లేకుండా డి అయిపోతాయి. ఎర్రరంగు లేదు, గంట మోగదు. అందుకని మేం అచ్చు పేజీ ఒక చేత్తో, మౌసు ఇంకో చేత్తో పట్టుకుని ప్రతి స్వరాన్నీ వేలితో తడుముతూ పోతాం. మిడి కీబోర్డు ముందు కూర్చుని మొదటి నుంచీ మీటుకుంటూ పోతే అంతకన్నా ముందే అయిపోయేదనే వాళ్లున్నారు. వాళ్ల మాట వినకండి. తమరి పుణ్యమా అని మాకు ప్రతి ముక్కా కంఠతా వచ్చింది.

ఫలితం బాగాలేకపోతే తప్పు ఎవరిదో చెప్పడంలోనూ తమరు ఎన్నడూ తడబడలేదు. పేజీ వంకరగా పెట్టావు. 300 డీపీఐలో తియ్యలేదు. బైండింగు దగ్గర నీడ పడింది. 2006లో ఎడ్వర్డ్ గువో మొదలుపెట్టిన ఐఎమ్ఎస్ఎల్‌పీ భాండాగారం, పెత్రుచ్చి పేరే పెట్టుకున్నది, నిండా పాత పుస్తకాల పీడీఎఫ్‌లు. ఎవరెవరో ఏయే గ్రంథాలయాల్లోనో తీసిన ఆ పేజీలకి నీడా ఉంటుంది, వంకరా ఉంటుంది. మాకు కావలసిన సంగీతం చాలావరకు అక్కడే ఉంది మరి. తమరికి సరిపడేది కొత్తగా, తెల్లగా, నున్నగా కంప్యూటర్లోనే అచ్చు తీసిన పేజీ. అంటే ఎవరి దగ్గరో ఫైలు ఇదివరకే ఉన్న పేజీ.

చెన్నై రికార్డింగు థియేటర్లలో వయొలిన్ వాళ్లకి పార్టులు చేత్తో రాసిచ్చిన కాపీయిస్టులుండేవారు. వాళ్లకి తమరిలో పదో వంతు వేగం లేదు. పైగా అనుమానం జబ్బు. ఒక స్వరం అర్థంకాకపోతే లేచి వెళ్లి అడగడమో, పెన్సిల్‌తో పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టడమో చేసే రకం మనుషులు. తమరు ఇంతవరకు ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఎరగరు. తోచింది రాస్తారు, అచ్చు లాంటి నునుపుతో రాస్తారు. ఆ తప్పు మ్యూజిక్‌ఎక్స్ఎమ్ఎల్ ఫైలుగా మారి సిబేలియస్, డొరికో, మ్యూజ్‌స్కోర్ లాంటి స్వరలేఖన సాఫ్ట్‌వేర్లకి అణువంత చెదరకుండా చేరుతుంది. 2024 ఆగస్టులో అలాంటిదే అయిన ఫినాలేకి కొత్త వెర్షన్లు ఇక రావని దాని యాజమాన్యం ప్రకటించినప్పుడు అందులో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లు ఫైళ్లన్నీ అదే రూపంలో మూటకట్టుకుని వేరే చోటికి కదిలారు. ఇల్లు పోయినా తమరు చేర్చిన రెస్టులు మాత్రం సామానుతో పాటు క్షేమంగా వెళ్లాయి.

చివరిగా, తెలుగువాళ్లుగా తమరికి ప్రత్యేకించి చెప్పుకోవలసిన కృతజ్ఞత ఒకటుంది. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. స్వరాక్షరాల చుట్టూ చుక్కలు, గీతలు, ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు. ఆ చుక్కల్లో ఒకటి రాలితే తారస్థాయి స్వరం మధ్యస్థాయికి దిగుతుంది, ఒక వంకర గీత పోతే రాగం ముఖం మారిపోతుంది. అలాంటి పుస్తకం జోలికి తమరు రాలేదు. అయిదు గీతలు కనిపించని పేజీని తమరు సంగీతంగానే లెక్కచెయ్యరు. తమరి వల్ల మాకు జరిగిన మేళ్లన్నింటిలోకీ ఇదే పెద్దది. ఎవరైనా ఉత్సాహవంతులు వచ్చి తెలుగు స్వరలిపి కూడా తమరికి నేర్పిస్తామంటే ఒప్పుకోకండి. కంపితం గుర్తుని కాగితం ముడత అనుకుని భైరవిని బల్లపరుపుగా పాడించడం తమరి స్థాయికి తగిన పని కాదు. దానికి మా దగ్గర మనుషులే ఉన్నారు.